చిన్న వయసు తల్లులు, పరిణామ సిద్ధాంతం, సర్కారు పథకాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పదిహేడేళ్ళ పిల్ల కడుపుతో కనబడితే మన నోటికొచ్చే మాటలు రెండే. "పాపం, తెలియక" అంటాం, లేదా "పెంపకం సరిగా లేక" అంటాం. జీవపరిణామం చదివేవాళ్ళు మూడు దశాబ్దాలకు పైగా మూడో మాట ఒకటి చెబుతున్నారు: ముందున్న రోజుల మీద భరోసా లేనిచోట తొందరగా కనడం వెనక ఒక లెక్క ఉంటుందని. జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పిన ఇన్నేళ్ళలో పిల్లలు, తల్లిదండ్రులు, తోటి లెక్చరర్లు ఈ విషయం మీద నన్ను అడిగిన ప్రశ్నలకు నాకు తెలిసిన జవాబులివి.

అసలు పరిణామానికీ, టీనేజీ గర్భానికీ లంకె ఏమిటి?

ప్రతి ప్రాణికీ శక్తి జీతం డబ్బు లాంటిది. పెరగడానికి ఖర్చయింది కనడానికి మిగలదు, కనడానికి పెట్టింది పెరగడానికి ఉండదు. ఎదుగుదల ఎప్పుడు ఆపాలి, పిల్లల్ని కనడం ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది చేపకైనా మనిషికైనా తప్పని లెక్క. ఆగితే ఒళ్ళు బలపడుతుంది, అనుభవం వస్తుంది, పుట్టిన బిడ్డను బాగా సాకొచ్చు. కానీ ఆగేలోపే ప్రాణం పోతే? జీవశాస్త్రంలో దీన్ని జీవనచరిత్ర సిద్ధాంతం అంటారు.

అనంతపురం వైపు వెళ్తే ఈ లెక్క పొలాల్లోనే కనబడుతుంది. బోరులో నీళ్ళున్న రైతు బత్తాయి తోట పెడతాడు, కాపు కోసం నాలుగైదేళ్ళు ఆగగలడు. వాన మీద ఆధారపడ్డ రైతు వేరుశనగ వేస్తాడు. నాలుగు నెలల్లో ఎంతో కొంత చేతికి రావాలి. బత్తాయిలో లాభం ఎక్కువని ఇతనికి తెలియక కాదు, అన్నేళ్ళు ఆగే వీలు లేక.

అంటే పదహారేళ్ళ పిల్ల కూర్చుని ఈ లెక్కలన్నీ వేసుకుంటుందా?

లేదు. ఆకలి వేసినప్పుడు మనం కేలరీలు లెక్కపెట్టం కదా, ఇదీ అంతే. చుట్టూ ఉన్నవాళ్ళు ఎన్నేళ్ళు బతుకుతున్నారు, చదివినవాళ్ళకు ఉద్యోగాలు వస్తున్నాయా, ఇంట్లో పెద్దల మాట మీద నిలబడొచ్చా, ఇవన్నీ చిన్నప్పటి నుంచి మనసులో ఇంకుతాయి. "తర్వాత చూద్దాం" అనే మాట మీద నమ్మకం కుదురుతుందో లేదో అక్కడే తేలుతుంది.

దీనికి ఆధారాలు ఉన్నాయా, లేక కబుర్లేనా?

ఉన్నాయి. 1997లో మార్గో విల్సన్, మార్టిన్ డాలీ అనే ఇద్దరు పరిశోధకులు చికాగో నగరంలోని పేటలను పోల్చారు. హత్యల్ని లెక్కలోంచి తీసేసినా, మగవాళ్ళ సగటు ఆయుర్దాయం ఒక పేటలో 54 ఏళ్ళుంటే మరో పేటలో 77 ఏళ్ళుంది. ఒకే నగరం, 23 ఏళ్ళ తేడా! ఆయుర్దాయం తక్కువున్న పేటల్లో ఆడవాళ్ళు పిల్లల్ని కనే వయసు కూడా తక్కువగా ఉంది. డేనియల్ నెటిల్ 2010లో ఇంగ్లండ్ పేటల మీద ఇలాంటి పనే చేశాడు. పేదపేటల్లో తొలి కాన్పు ముందే అవుతోంది, బిడ్డ బరువు తక్కువ, తల్లిపాలు ఇచ్చే కాలం తక్కువ, తండ్రి తోడూ తక్కువ.

నా మనసులో బాగా నిలిచినది అమెరికా ప్రజారోగ్య పరిశోధకురాలు ఆర్లీన్ జెరోనిమస్ వాదన. ఎండకీ వానకీ రాయి అరిగినట్టు పేదరికం, వివక్ష ఒంటిని అరగదీస్తాయంటుందామె. అమెరికాలో నల్లజాతి పేద స్త్రీలకు ఇరవై దాటి ముప్పైకి చేరేలోపే బీపీ, షుగర్ లాంటివి మొదలవుతాయి. వాళ్ళను చూసుకోవాల్సిన అమ్మలు, అమ్మమ్మలు కూడా తొందరగా మంచాన పడతారు. అలాంటి చోట "ముప్పై దాకా ఆగు" అన్న సలహా వైద్యపరంగా కూడా అందరికీ ఒకేలా వర్తించదు. 1990ల మొదట్లో ఆమె ఇది చెప్పినప్పుడు చాలామంది మండిపడ్డారు, టీనేజీ గర్భాలను సమర్థిస్తోందన్నారు. సమర్థించడం వేరు, ఎందుకు జరుగుతోందో చెప్పడం వేరు.

సహజమే అయితే ఇక తప్పేముంది?

ఈ ప్రశ్న క్లాసులో ఏటా వస్తుంది, ఎక్కువగా వెనక బెంచీ నుంచి. పాము కాటుకు చావడం కూడా సహజమే. ఏది జరుగుతుందో చెప్పే శాస్త్రం ఏది జరగాలో చెప్పదు. పరిణామానికి మనిషి సుఖంతో పనిలేదు, తర్వాతి తరంలో ఎంతమంది మిగిలారన్నదే దాని లెక్క.

పైగా "సహజం" అన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. కలహారీ ఎడారిలో వేట మీద, దుంపల మీద బతికిన కుంగ్ ప్రజల్లో ఆడపిల్లలు పదహారు, పదిహేడేళ్ళకు రజస్వల అయ్యేవారు. తొలి బిడ్డ పంతొమ్మిది ప్రాంతంలో పుట్టేది. మనిషి చరిత్రలో చాలాభాగం ఇలాగే గడిచి ఉంటుంది. ఇప్పుడు తిండి మెరుగుపడి పన్నెండు, పదమూడేళ్ళకే అవుతున్నారు. గర్భాశయం పనిచేయడం మొదలైనా, కటి ఎముకలు ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు వెడల్పవుతూనే ఉంటాయి. మొదటి ఏడాది రెండేళ్ళు చాలా నెలలు అండం విడుదలే కాదు. ఒళ్ళు తానే "ఇంకా సిద్ధంగా లేను" అంటోందన్నమాట.

కానీ మనం ఆ పిల్లను ఏమని పిలుస్తాం? "పెద్దమనిషి అయింది" అంటాం. ఆ మధ్య మా పక్క వీధిలో ఫంక్షన్ జరిగింది. ఏడో తరగతి పిల్ల. ఓణీ, వడ్డాణం, మెడలోతు దండలతో ఆమె ఫొటో వేసిన ఫ్లెక్సీ వీధి మొగలో కట్టారు. ఫంక్షన్ అయిన వారానికి బావ వరసవాళ్ళ ఇంటి నుంచి కబురొచ్చింది. పిల్ల మాత్రం ఫ్లెక్సీ కింద తొక్కుడుబిళ్ళ ఆడుతోంది. ఒంటి వయసుకూ, బతుకు వయసుకూ మధ్య పెరిగిన ఈ దూరం గురించి పీటర్ గ్లక్‌మన్, మార్క్ హాన్సన్ అనే శాస్త్రవేత్తలు 2006లో రాశారు. ఆ వ్యాసం అర్థం కావడానికి నాకు ఆ ఫ్లెక్సీ చాలు.

మా అమ్మమ్మకు పదమూడేళ్ళకే పెళ్ళయింది, ఎనిమిది మందిని కన్నది, బాగానే ఉంది కదా?

బతికినవాళ్ళే కథ చెబుతారు. కాన్పులో పోయిన అమ్మమ్మలకు మనవలు లేరు, వాళ్ళ తరఫున చెప్పేవాళ్ళు లేరు. ఎనిమిది కాన్పులన్న లెక్కలో ఎంతమంది మిగిలారో కూడా అడగండి. ఇంకొకటి, అప్పట్లో పెళ్ళి వేరు, కార్యం వేరు. తాళి పదేళ్ళకు కట్టినా, కాపురానికి పంపింది రజస్వల అయ్యాకే, అది కూడా ఇప్పటికంటే ఆలస్యంగా అయ్యేది.

మన రెండు రాష్ట్రాల్లో పరిస్థితి ఎలా ఉంది?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-19 ఏళ్ళ ఆడపిల్లల్లో అప్పటికే తల్లులైనవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు కలిపి ఆంధ్రప్రదేశ్‌లో 12.6 శాతం. తెలంగాణలో 5.8. దేశం సగటు 6.8. అంతకుముందు సర్వేతో పోలిస్తే తెలంగాణ దాదాపు సగానికి తగ్గింది, ఆంధ్ర తగ్గకపోగా కాస్త పెరిగింది. 20-24 ఏళ్ళ స్త్రీలలో పద్దెనిమిది నిండకుండా పెళ్ళయినవాళ్ళు ఆంధ్రలో 29.3 శాతం, తెలంగాణలో 23.5.

ఈ అంకెల పక్కనే ఇంకో అంకె పెట్టి చూడండి. ఆంధ్రలో ఒక స్త్రీ సగటున కనే పిల్లలు 1.7. అంటే జనాభా నిలబడడానికి కావలసిన 2.1 కంటే బాగా తక్కువ. జీవనచరిత్ర సిద్ధాంతం పుస్తకాల్లో చెప్పినట్టయితే తొందరగా మొదలుపెట్టినవాళ్ళు ఎక్కువమందిని కనాలి. ఇక్కడ అలా లేదు. పదిహేడు, పద్దెనిమిదికి పెళ్ళి, ఇరవైలోపు ఒకరు, ఇరవై రెండుకి ఇంకొకరు, ఆ కాన్పుతోనే ఆపరేషన్. పెళ్ళయిన ఆడవాళ్ళలో సుమారు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్న రాష్ట్రమిది. పాతికేళ్ళకు కనడం మొత్తం ముగిసిపోతుంది.

చికాగో కోసం అల్లిన సిద్ధాంతాన్ని చిత్తూరుకు తెచ్చి అతికిస్తే ఇక్కడే చిరుగుతుంది. మన దగ్గర తొందర పిల్లల్ని ఎక్కువ కనాలన్న తొందర కాదు. "బాధ్యత తీర్చుకోవాలి" అన్న తొందర. ఆ బాధ్యత ఆ పిల్లది కాదు, తల్లిదండ్రులది.

అంటే ఇక్కడ లెక్క వేసేది తల్లిదండ్రులా?

అవును, నా ఉద్దేశంలో అసలు విషయం ఇదే. ఇంగ్లండ్‌లో, అమెరికాలో టీనేజీ గర్భం అంటే ఎక్కువగా పెళ్ళి కాని పిల్ల కథ. ఇక్కడ దాదాపు అన్నీ పెళ్ళిలోనే, పెద్దలు కుదిర్చిన పెళ్ళిలోనే. పరిణామ శాస్త్రవేత్త రాబర్ట్ ట్రివర్స్ 1974లో ఒక మాటన్నాడు: తల్లిదండ్రుల మేలు, పిల్లల మేలు చాలావరకు ఒకటే, కానీ పూర్తిగా ఒకటి కాదు. నలుగురు పిల్లలున్న ఇంట్లో ఒక పిల్లకు మరో నాలుగేళ్ళ చదువు ఆమెకు లాభం, ఇంటికి మాత్రం నాలుగేళ్ళ ఖర్చు, నాలుగేళ్ళ టెన్షన్.

టెన్షన్ అన్నది ఊరికే అనలేదు. కాలేజీ మండల కేంద్రంలో ఉంటుంది. బస్సు రెండుసార్లే వస్తుంది. పిల్ల ఫోన్‌లో ఎవరితో మాట్లాడుతోందో తెలియదు. ఎవరితోనైనా వెళ్ళిపోతే పరువు పోతుందని తండ్రి భయం. వయసు పెరిగేకొద్దీ, చదువు పెరిగేకొద్దీ అంతకు మించి చదివిన పిల్లాడిని వెతకాలి, కట్నమూ పెరుగుతుంది. పాలమూరు వైపు నుంచి పనికోసం ముంబై, హైదరాబాద్ వెళ్ళేవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. ఎదిగిన పిల్లను ముసలమ్మ దగ్గర వదిలి వెళ్ళాలా, పనిచోట డేరాలో పెట్టుకోవాలా? రెండూ భయమే. మూడో దారి పెళ్ళి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 నుంచి సుమారు మూడు వేల మంది పిల్లలను ఏళ్ళ తరబడి వెంబడించి చూసిన యంగ్ లైవ్స్ అధ్యయనంలో, వయసులో పెద్దవాళ్ళ బృందంలోని ఆడపిల్లల్లో మూడో వంతుకు పైగా 19 ఏళ్ళకే పెళ్ళి చేసుకున్నారు. అబ్బాయిల్లో అది నామమాత్రం. చదువు ముందే ఆగిపోయిన పిల్లలకే పెళ్ళి ముందుగా అయింది.

నా అటెండెన్స్ రిజిస్టర్‌లోనూ ఇదే కనబడేది. సెకండియర్ మొదటి రోజు పేర్లు పిలుస్తుంటే ఇద్దరు ముగ్గురి దగ్గర క్లాసంతా ఒక్కసారి నిశ్శబ్దమయ్యేది. తర్వాత ఎవరో ఒకరు మెల్లగా "పెళ్ళయిపోయింది సార్" అనేవారు.

అవగాహన కార్యక్రమాలు పెడితే సరిపోదా?

ఆస్ట్రేలియాలో ఒక ప్రయోగం జరిగింది. పెర్త్ చుట్టుపక్కల 57 స్కూళ్ళలో కొందరు ఆడపిల్లలకు ఏడ్చే, పాలడిగే ఎలక్ట్రానిక్ బొమ్మపాపను వారాంతానికి ఇంటికిచ్చి పంపారు. రాత్రంతా నిద్ర లేకుండా చేస్తే తల్లి కావాలన్న సరదా తీరిపోతుందని ఆలోచన. 2016లో ఫలితాలొచ్చాయి. బొమ్మను సాకిన పిల్లల్లో 17 శాతం మంది ఇరవై ఏళ్ళలోపు గర్భవతులయ్యారు, సాకనివాళ్ళలో 11 శాతం. తెలియకపోవడమే జబ్బు అనుకుని ఇచ్చిన మందు వికటించింది.

మన ఊళ్ళలో ర్యాలీలు, గోడ మీద రాతలు ఇంతకంటే ఎక్కువ చేస్తాయని నేననుకోను. బాల్యవివాహం నేరమని తెలియని తండ్రి నాకింతవరకు తగల్లేదు.

మరి ఎక్కడైనా ఏదైనా పనిచేసిందా?

ఇంగ్లండ్‌నే తీసుకుందాం. 1998లో అక్కడ 15-17 ఏళ్ళ ఆడపిల్లల్లో వెయ్యికి 47 మంది గర్భం దాల్చేవారు. 1999లో టోనీ బ్లెయిర్ ప్రభుత్వం దాన్ని 2010కల్లా సగం చేస్తామని పథకం పెట్టింది. గడువు నాటికి సగం కాలేదు, 35 దగ్గర ఆగింది. కానీ తర్వాత వేగంగా పడిపోయి 2020కి 13 దగ్గరకు వచ్చింది. స్కూల్లో పాఠాలు, పిల్లలు సిగ్గుపడకుండా వెళ్ళగలిగే క్లినిక్‌లు, చదువుకునే చిన్న తల్లులకు బిడ్డను చూసుకునే చోటుకి డబ్బు, అన్నీ కలిపి పదేళ్ళు నడిపారు. అయితే మొత్తం ఘనత పథకానిదే అనలేం. అలాంటి జాతీయ పథకం లేని అమెరికాలోనూ టీనేజీ కాన్పులు 1991లో వెయ్యికి 62 ఉండగా 2021కి 14కి వచ్చాయి.

మలావీలో జోంబా జిల్లా ప్రయోగం ఇంకా ఆసక్తికరం. కొందరు పిల్లల కుటుంబాలకు "బడికి వస్తేనే" అని డబ్బిచ్చారు, కొందరికి ఏ షరతూ లేకుండా ఇచ్చారు. చదువు విషయంలో షరతు మేలు చేసింది. కానీ టీనేజీ గర్భాలు 27 శాతం, పెళ్ళిళ్ళు 44 శాతం తగ్గింది షరతు లేకుండా ఇచ్చిన చోట. ఎందుకంటే బడి మానేసిన పిల్ల చేతిలోనూ ఆ డబ్బుంది. ఆమెకు మొగుడి అవసరం వెంటనే రాలేదు.

ఢిల్లీ చుట్టుపక్కల పల్లెల్లో రాబర్ట్ జెన్సెన్ చేసినది నాకు అన్నిటికంటే ఇష్టం. బీపీఓ కంపెనీల ఉద్యోగాల కోసం ఆడపిల్లలను ఎంపిక చేసేవాళ్ళను మూడేళ్ళపాటు కొన్ని ఊళ్ళకు పంపించాడు. ఉపన్యాసాల్లేవు. "ఇంగ్లీషు, కంప్యూటర్ వస్తే ఇంత జీతం" అన్న కబురు ఊరికి చేరింది, అంతే. ఆ ఊళ్ళలో 15-21 ఏళ్ళ అమ్మాయిల పెళ్ళిళ్ళు, కాన్పులు మిగతా ఊళ్ళకంటే 5-6 శాతం పాయింట్లు తగ్గాయి. బోరులో నీళ్ళు పడ్డాయని తెలిస్తే రైతు తోట సంగతి ఆలోచిస్తాడు.

కల్యాణలక్ష్మి లాంటి పథకాలు ఉన్నాయి కదా?

2014లో తెలంగాణలో కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ మొదలైనప్పుడు 51 వేలు, 2018 నాటికి 1,00,116 రూపాయలు. పెళ్ళికూతురికి 18 నిండాలన్నది షరతు. 2022లో ఆంధ్రప్రదేశ్ కల్యాణమస్తుకు వయసుతో పాటు పదో తరగతి పాసవ్వాలన్న నిబంధన కూడా పెట్టారు. ఆగమని చెబుతూ ఆగినందుకు చేతిలో ఏదో పెట్టడం మంచిదే.

నా పేచీ వేరే. డబ్బు పెళ్ళికి ముడిపెట్టారు. హర్యానాలో 1994లో ఇలాంటి పథకమే వచ్చింది: ఆడపిల్ల పుడితే బాండు, 18 దాకా పెళ్ళి కాకుంటే 25 వేలు. తర్వాత పరిశీలిస్తే బాండు డబ్బును చాలామంది కట్నం కిందే చూశారు, 18 నిండగానే పెళ్ళి చేశారు. పద్దెనిమిది గడప అయింది కానీ దారి కాలేదు. బంగ్లాదేశ్‌లో మరోలా చేశారు. 15-17 ఏళ్ళ పిల్లకు పెళ్ళి కాకుండా ఉన్నన్నాళ్ళూ నాలుగు నెలలకోసారి ఇంటికి వంటనూనె ఇచ్చారు. బాల్యవివాహాలు ఐదో వంతుకు దగ్గరగా తగ్గాయి. అదే అధ్యయనంలో సాధికారత క్లాసులు మాత్రమే పెట్టిన ఊళ్ళలో పెళ్ళిళ్ళు తగ్గలేదు. నూనె డబ్బా చిన్నదే, కానీ ఆలస్యానికి పెరిగే కట్నంలో కొంత అది పూడ్చింది.

చట్టం కఠినంగా అమలు చేస్తే?

చట్టం ఉండాలి, అనుమానం లేదు. 2006 చట్టం ప్రకారం 18 లోపు పిల్లకు పెళ్ళి చేయడం నేరం. 2017లో సుప్రీంకోర్టు, 18 లోపు భార్యతో సంబంధం కూడా అత్యాచారమే అని తేల్చింది. కానీ పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో కింద డాక్టరు తప్పనిసరిగా పోలీసులకు చెప్పాలి. దాంతో జరుగుతున్నదేమిటంటే, మొగుడు జైలుకెళ్తాడన్న భయంతో కడుపుతో ఉన్న పిల్లను ఐదో నెల, ఆరో నెల దాకా ఎక్కడా చూపించరు. ఒక ఆసుపత్రిలో నా ముందే జరిగింది. నర్సు "వయసెంతమ్మా?" అని పిల్లను అడిగింది. పిల్ల నోరు తెరిచేలోపే అత్తగారు "పంతొమ్మిది" అంది. నర్సు ఒక్క క్షణం పెన్ను ఆపి, పంతొమ్మిదే రాసింది. రక్తహీనత ఉన్న పిల్ల. ఆ కార్డు మీద ఆమె పెద్దదైపోయింది, ఇక ఆమెకు ప్రత్యేక శ్రద్ధ ఎవరు పెడతారు?

గర్భస్రావం కోరే మైనర్ల విషయంలో, పిల్ల, ఆమె సంరక్షకులు కోరితే పోలీసు సమాచారంలో పేరు, వివరాలు వెల్లడించక్కర్లేదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సంగతి తెలిసిన ఆసుపత్రులు ఇంకా పెరగాలి.

ఈ సిద్ధాంతానికి విమర్శలు లేవా?

బోలెడు. ముందుగా జన్యువులు. తొందరగా తల్లి అయిన ఆమె కూతురు కూడా తొందరగా తల్లి అయితే అది పేట ప్రభావమా, వంశపారంపర్యమా? తండ్రి లేని ఇంట్లో పిల్లలు ముందే రజస్వల అవుతారన్న పాత వాదనను ఈ ప్రశ్న బాగా ఇబ్బంది పెట్టింది. రెండోది, మన దేశంలో పేద ఇళ్ళ పిల్లలు రజస్వల అయ్యేది ఆలస్యంగా, తిండి చాలక. కష్టం ఒంటిని తొందరపెడుతుందన్న సూత్రం ఖాళీ కడుపు దగ్గర ఆగిపోతుంది.

ఒక విషయంలో మాత్రం ఈ పరిశోధకులు మన కళ్ళు తెరిపించారు. టీనేజీ తల్లుల పేదరికానికి కారణం ఆ కాన్పే అనుకునేవాళ్ళం. జెరోనిమస్, శాండర్స్ కోరన్‌మన్ 1992లో అక్కాచెల్లెళ్ళను పోల్చారు, ఒకరు టీనేజీలో కన్నవారు, ఇంకొకరు తర్వాత కన్నవారు. ఒకే ఇంటి పిల్లలను పోల్చేసరికి తేడా చాలావరకు కరిగిపోయింది. పేదరికం కాన్పుకు ముందే ఆ ఇంట్లో ఉంది.

పక్కింట్లో మైనర్ పిల్లకు పెళ్ళి చేస్తున్నారు. ఏం చేయాలి?

పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. మీ పేరు చెప్పక్కర్లేదు. ఐసీడీఎస్ సిబ్బందికి, అంగన్‌వాడీ టీచర్‌కు చెప్పినా కదులుతుంది. ఆపిన పెళ్ళి చాలాసార్లు పక్క జిల్లాలో బంధువుల ఇంట్లో మళ్ళీ జరుగుతుంది, కాబట్టి పిల్ల ఆ తర్వాత ఎక్కడ చదువుతుందో కూడా అదే రోజు మాట్లాడండి. ఇంటర్ ఉన్న కస్తూర్బా విద్యాలయాల్లో హాస్టల్ ఉచితం. బస్సు భయం, ఫోన్ భయం, తిండి ఖర్చు ఒకేసారి తీరుతాయి.

ఇప్పటికే బిడ్డ పుట్టేసిన పిల్లల మాటేమిటి?

వీళ్ళ గురించే ఎవరూ అడగరు. కేంద్రం మాతృవందన పథకం డబ్బు కావాలంటే తల్లికి 18 ఏళ్ళ 7 నెలలు నిండాలి. అంటే అందరికంటే బలహీనంగా ఉన్న తల్లికే పోషకాహారం డబ్బు రాదు. శిక్ష ఎవరికి పడుతోందో చూడండి.

మనిషి ఆడది ఒంటరిగా బిడ్డను పెంచేలా పరిణామం చెందలేదని మానవశాస్త్రవేత్త సారా హర్డీ అంటుంది. టాంజానియాలో హడ్జా తెగ అమ్మమ్మలు దుంపలు తవ్వి మనవలకు పెడతారు. గాంబియాలో అమ్మమ్మ బతికి ఉంటే చంటిపిల్లలు బతికే అవకాశం పెరిగిందని రెబెకా సియర్, రూత్ మేస్ చూపించారు. నాన్నమ్మ కాదు, అమ్మమ్మ! తొలి కాన్పుకు పుట్టింటికి తీసుకురావడం మన ఆనవాయితీ, ఈ పరిశోధనలేవీ తెలియకముందు నుంచే. ఆ ఐదు నెలల సాయాన్ని రెండేళ్ళకు పొడిగించగలిగితే, అంగన్‌వాడీలో చంటిపిల్లను ఉంచుకునే ఏర్పాటు కాలేజీ వేళలకు సరిపోయేలా ఉంటే, సగం మంది చదువు పూర్తి చేస్తారని నా నమ్మకం.

ఒక ఏడాది జువాలజీ ప్రాక్టికల్స్‌కు ఒక అమ్మాయి పుట్టింటి నుంచి వచ్చింది, చేతిలో రికార్డు, వెనకాల వాళ్ళమ్మ, వాళ్ళమ్మ చంకలో నాలుగు నెలల బిడ్డ. మూడు గంటల పరీక్ష. అమ్మమ్మ ల్యాబ్ బయట వేపచెట్టు కింద చీరతో ఉయ్యాల కట్టింది. మధ్యలో బిడ్డ ఏడుపు వినబడగానే అమ్మాయి స్లైడ్ అలాగే వదిలి నా వైపు చూసింది. నేను తలూపాను. ఎక్స్‌టర్నల్ గారు ఆ ఖాళీ స్టూలు దగ్గర ఆగి "ఈ అమ్మాయేదండీ?" అనడిగితే, నీళ్ళు తాగడానికి వెళ్ళింది సార్ అన్నాను.